పెట్టె మీది వోల్టులు, లోపలి సెల్లు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల దుకాణాల వెంట నడిస్తే కార్డ్‌లెస్ డ్రిల్లుల పెట్టెల మీద రకరకాల అంకెలు కనిపిస్తాయి. ఒకదాని మీద 12 వోల్టులు, పక్కదాని మీద 18, దాని పక్కన 20, ఆపైన 21. పేరు ఎప్పుడూ వినని కంపెనీల ప్యాకుల మీద 48, 88, ఇంకా పెద్ద అంకెలు కూడా ఉంటాయి. వోల్టులు ఎక్కువుంటే బలం ఎక్కువని కొనేవాళ్లు అనుకోవడం సహజమే. కాని 18, 20, 21, 88 అని రాసి ఉన్న నాలుగు ప్యాకులనూ విప్పి చూస్తే చాలాసార్లు లోపల కనిపించేది ఒకటే అమరిక. ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపిన ఐదు లిథియం అయాన్ సెల్లు.

లెక్క సులువు. లిథియం అయాన్ సెల్లు నిండుగా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది. పని చేస్తున్న సమయంలో ఎక్కువ భాగం 3.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఐదు సెల్లకు 3.6 చొప్పున లెక్కిస్తే 18. చార్జర్ నుంచి తీయగానే, ఏ లోడూ లేనప్పుడు సెల్లుకు సుమారు 4 వోల్టులని చెప్పుకుంటే 20. నిండుగా 4.2 అనుకుంటే 21. డివాల్ట్ కంపెనీ అమెరికాలో 20 వోల్టులు మ్యాక్స్ అని అమ్మే ప్యాకునే ఐరోపాలో 18 వోల్టులని అమ్ముతుంది. మకిటా, బాష్, మిల్వాకీ 18 అని రాస్తాయి. ఈ నాలుగింటిలో వోల్టుల బలం ఒకరికి ఎక్కువా కాదు, ఇంకొకరికి తక్కువా కాదు. మూడు సెల్ల చిన్న డ్రిల్లుల కథా ఇంతే. ఒకప్పుడు 10.8 అని అమ్మినవాటినే ఇప్పుడు 12 అంటున్నారు. ఇక ఐదు సెల్ల ప్యాకు మీద 88 అని రాయడానికి భౌతికశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. అది కొనేవాణ్ణి మోసగించడానికి రాసిన అంకె. అలా రాసినవాళ్లు ప్యాకులోని మిగతా విషయాల్లో నిజం చెబుతారని నమ్మడం కష్టం.

వోల్టులు తేడా చూపించవన్నప్పుడు మరి ఏది చూపిస్తుంది? సెల్లు ఏ రకమో, ఎన్నో, వాటిని ఎలా కలిపారో చూడాలి.

ఒక ప్యాకు అడుగున స్క్రూలు తీసి పైమూత ఎత్తితే పెన్‌టార్చ్‌లో వేసే సెల్ల కంటే కాస్త లావుగా ఉన్న గొట్టాలు కనిపిస్తాయి. ప్రతి గొట్టం మీదా పలచని రంగు ప్లాస్టిక్ తొడుగు, దాని మీద సన్నని అక్షరాల్లో తయారీదారు పేరూ మోడలూ ఉంటాయి. గొట్టాల కొసలను కలుపుతూ తళతళలాడే నికెల్ పట్టీలుంటాయి. ఆ పట్టీల మీద స్పాట్ వెల్డింగ్ చేసిన చిన్నచిన్న చుక్కలు కనిపిస్తాయి. ప్రతి పట్టీ నుంచీ వెంట్రుకంత సన్నని తీగ ఒకటి సర్క్యూట్ బోర్డుకు వెళ్తుంది. సెల్ల మధ్య గింజంత ఉష్ణోగ్రత సెన్సర్ ఇరికించి ఉంటుంది. బ్రాండు ఏదైనా ఈ దృశ్యం పెద్దగా మారదు. ఎందుకంటే డ్రిల్లు కంపెనీల్లో చాలావరకు సెల్లను తామే తయారు చేసుకోవు. శామ్‌సంగ్ ఎస్‌డీఐ, ఎల్‌జీ, మురాటా, మోలిసెల్ వంటి కంపెనీల దగ్గర కొంటాయి. ఎర్ర రంగు డబ్బాలో ఉన్నదీ పసుపు రంగు డబ్బాలో ఉన్నదీ ఒకే కార్ఖానాలో పుట్టిన సెల్లు కావచ్చు. (ప్యాకును ఇంట్లో విప్పడం మాత్రం మంచిది కాదు. ఆ పట్టీల మీద ఒక స్క్రూడ్రైవర్ జారిపడితే చాలు, నిప్పురవ్వలు లేస్తాయి.)

సెల్లలో ప్రధానంగా రెండు కొలతలున్నాయి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. 21700 అంటే 21 వ్యాసం, 70 పొడవు. మూడు, ఐదు మిల్లీమీటర్ల తేడా కొంచెమే అనిపిస్తుంది గాని ఘనపరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. బాష్ 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే నిల్వ సామర్థ్యపు కొలత) ప్యాకులో పది 21700 సెల్లుంటాయి. పాత 18650 సెల్లతో అంత నిల్వ కావాలంటే పదిహేను పెట్టాల్సి వస్తుంది, ప్యాకు బరువూ పెరుగుతుంది.

సైజు ఒకటే అయినా సెల్లన్నీ ఒకటి కాదు. శామ్‌సంగ్ వారి రెండు 18650 సెల్లను చూడండి. 25ఆర్ అనేది 2.5 ఏహెచ్ నిల్వ చేసుకుని 20 ఆంపియర్ల కరెంటు నిలకడగా ఇస్తుంది. 35ఈ అనేది 3.5 ఏహెచ్ నిల్వ చేసుకుంటుంది గాని 8 ఆంపియర్లే ఇవ్వగలదు. టార్చిలైటుకు రెండోది మేలు. డ్రిల్లుకు మొదటిదే కావాలి. ఒకే డబ్బాలో పదార్థాన్ని ఎక్కువ కూరితే నిల్వ పెరుగుతుంది, కాని అయాన్లు తొందరగా అటూ ఇటూ తిరగడానికి అనువు తగ్గుతుంది. వాడేసిన ల్యాప్‌టాప్ సెల్లతో కట్టిన చవక ప్యాకు మల్టీమీటరు మీద బాగానే వోల్టులు చూపించి, గట్టి చెక్కలో స్క్రూ దిగేసరికి చతికిలపడడానికి కారణం ఇదే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఏ సెల్లుకైనా లోపల కొంత నిరోధం ఉంటుంది. బయటికి కరెంటు లాగినప్పుడు ఆ నిరోధం దగ్గర కొన్ని వోల్టులు పోతాయి, ఆ పోయిందంతా వేడిగా మారుతుంది. సెల్లు నిరోధం 20 మిల్లీఓమ్‌లు అనుకుని లెక్క వేద్దాం. డ్రిల్లు 30 ఆంపియర్లు లాగుతోంది. ఐదు సెల్ల ప్యాకులో ప్రతి సెల్లూ ఆ 30 ఆంపియర్లనూ ఒంటరిగా మోయాలి. ఒక్కో సెల్లులో 0.6 వోల్టులు పోతాయి, ఐదింటికీ కలిపి 3. పద్దెనిమిది వోల్టుల ప్యాకు పనిలో పదిహేనుకు పడిపోతుంది. ఒక్కో సెల్లులో 18 వాట్ల వేడి పుడుతుంది. ఇప్పుడు పది సెల్ల ప్యాకు తీసుకుందాం, రెండేసి సెల్లను పక్కపక్కన జత చేసి ఆ ఐదు జతలను వరసగా కలిపినది. ఒక్కో సెల్లు మీద పడేది 15 ఆంపియర్లే. మొత్తం పోయేది 1.5 వోల్టులు, మిగిలేవి 16.5. సెల్లుకు పుట్టే వేడి నాలుగున్నర వాట్లు మాత్రమే, అంటే నాలుగో వంతు. లారీ బస్తాలను ఐదుగురు హమాలీలు దించడానికీ పదిమంది దించడానికీ ఉన్న తేడా ఇది. పని త్వరగా తెమలడమే కాదు, ఎవరి నడుమూ విరగదు.

అందుకే పెద్ద ప్యాకు అంటే ఎక్కువసేపు నడిచే ప్యాకు మాత్రమే అనుకోవడం పొరపాటు. అదే డ్రిల్లుకు 2 ఏహెచ్ ప్యాకు తీసి 5 ఏహెచ్ ప్యాకు పెడితే డ్రిల్లు బలం కూడా పెరుగుతుంది. బ్రాండ్లను పోల్చి చూపించే వాళ్లు ఒకదానికి చిన్న ప్యాకు, ఇంకోదానికి పెద్ద ప్యాకు పెట్టి పోటీ పెడితే ఆ పోటీకి అర్థం లేదు. ఏ ప్యాకు పెట్టారో చెప్పని పోలికను పట్టించుకోనక్కర్లేదు.

సెల్లను కలిపే తీరులో కంపెనీలు చూపిన తెలివి మెచ్చుకోదగ్గది. 2016లో డివాల్ట్ తెచ్చిన ఫ్లెక్స్‌వోల్ట్ ప్యాకులో పదిహేను సెల్లుంటాయి. మామూలు డ్రిల్లుకు తగిలిస్తే మూడేసి సెల్ల జట్లు ఐదుగా మారి 20 వోల్టులిస్తాయి. పెద్ద రంపానికి తగిలిస్తే పదిహేనూ ఒకే వరసగా మారి 60 ఇస్తాయి. పనిముట్టులోని పిన్నులే ఆ మార్పు చేస్తాయి. ఒకప్పటి హిటాచీ కోకి, ఇప్పటి హైకోకి, ఇదే ఆలోచనతో 18, 36 వోల్టుల మధ్య మారే ప్యాకు చేసింది. వోల్టులు పెరిగితే అదే పనికి తక్కువ కరెంటు చాలు. కరెంటు తగ్గితే తీగల్లో, స్విచ్‌లో వృథా అయ్యే వేడి తగ్గుతుంది. ఇంకో దారిలో డివాల్ట్ గొట్టపు సెల్లకు బదులు పలచని పలకల్లాంటి సెల్లను పేర్చి పవర్‌స్టాక్ ప్యాకు చేసింది. కొత్త ప్యాకుల్లో వస్తున్న ట్యాబ్‌లెస్ సెల్ల ఉద్దేశం కూడా అదే, లోపలి నిరోధం తగ్గించడం. బ్యాటరీ విషయంలో బ్రాండ్ల మధ్య నిజమైన పోటీ ఇప్పుడు ఈ నిరోధం చుట్టూనే తిరుగుతోంది.

అయితే సెల్లు ఒకటే అయినప్పుడు ఒక బ్రాండు ప్యాకు ఇంకో బ్రాండు డ్రిల్లుకు ఎందుకు పట్టదు? గాడుల ఆకారం ఒక్కటే కారణమైతే అడాప్టర్ కొని పెట్టుకోవచ్చు. బజారులో అవి దొరుకుతున్నాయి కూడా. కాని కాపలా పని ఎవరిదన్న విషయంలో బ్రాండుకో పద్ధతి ఉంది. లిథియం సెల్లును మరీ ఖాళీ చేస్తే పాడవుతుంది, మరీ నింపితే ప్రమాదం. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ర్యోబీ వన్ ప్లస్ ప్యాకులో ఆ రక్షణ ప్యాకు లోపలే ఉంటుంది. 1996 నుంచి ఒకే గాడి ఆకారాన్ని నిలబెట్టుకున్న బ్రాండు అది. పాత నికెల్ కాడ్మియం కాలపు డ్రిల్లుకు కూడా నేటి లిథియం ప్యాకు పెట్టుకోవచ్చు. డివాల్ట్ 20 వోల్టుల ప్యాకును బోర్లించి చూస్తే ప్లస్, మైనస్ కాక సి1 నుంచి సి4 వరకు నాలుగు పిన్నులు కనిపిస్తాయి. అవి ఐదు సెల్ల మధ్య ఉన్న నాలుగు కూడళ్ల నుంచి వచ్చినవి. అంటే సెల్ల పరిస్థితి చూసుకునే బాధ్యతను ప్యాకు చాలావరకు చార్జరుకూ పనిముట్టుకూ అప్పగిస్తుంది. అలాంటి ప్యాకును అడాప్టర్ ద్వారా వేరే బ్రాండు డ్రిల్లుకు తగిలిస్తే ఆ పిన్నులు గాలిలో ఉంటాయి. సెల్లు అడుగంటుతున్నా ఆపమని చెప్పేవాళ్లుండరు. మకిటా ప్యాకు మీద నక్షత్రం గుర్తు ఉంటే అది డ్రిల్లుతో మాట్లాడగలదని, వేడెక్కినా ఖాళీ అయినా ఆపేయమని సంకేతం ఇవ్వగలదని అర్థం. అడాప్టర్లన్నీ చెడ్డవని కాదు. అవి కాపలాదారుని మధ్యలో తప్పించవచ్చని తెలిసి వాడాలి.

ఇక డ్రిల్లు శరీరంలోకి వెళ్దాం. ముందు మోటారు. పాతరకం మోటారులో తిరిగే ఆర్మేచర్ మీద రాగి తీగ చుట్టి ఉంటుంది. దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఒరుసుకుంటూ అరిగిపోతాయి. మెకానిక్ దగ్గరికి వెళ్తే ముందుగా చూసేది వాటినే. బ్రష్‌లెస్ మోటారులో తిరిగేది అయస్కాంతం. రాగి చుట్లు బయట కదలకుండా ఉంటాయి. కరెంటును ఎప్పుడు ఏ చుట్టుకు పంపాలో ఎలక్ట్రానిక్ స్విచ్‌లు నిర్ణయిస్తాయి. ఒరిపిడి లేదు, నిప్పురవ్వలు లేవు, రాగి చుట్ల వేడి తేలిగ్గా బయటికి పోతుంది. అదే ప్యాకుతో ఎక్కువ పని జరుగుతుంది. రోజూ వాడే కార్పెంటరుకు బ్రష్‌లెస్ కోసం ఎక్కువ ధర పెట్టడం దండగ కాదు. నెలకు రెండు కర్టెన్ రాడ్లు బిగించే ఇంటికి బ్రష్ మోటారు చాలు. ఒక మాట గుర్తుంచుకోవాలి. బ్రష్‌లు అరిగితే తక్కువ ఖర్చుతో మారతాయి. బ్రష్‌లెస్ బోర్డు పోతే బాగుచేయడం ఖరీదైన వ్యవహారం.

మోటారు నిమిషానికి సుమారు ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. స్క్రూకు కావలసింది నాలుగైదు వందలు. మధ్యలో గ్రహాల్లా తిరిగే చిన్న పళ్లచక్రాల గేర్‌బాక్స్ వేగాన్ని తగ్గించి తిప్పే బలాన్ని పెంచుతుంది. చవక డ్రిల్లుల్లో ఈ చక్రాల్లో కొన్ని ప్లాస్టిక్‌వి ఉంటాయి. పెట్టె మీద ఈ సంగతి ఎవరూ రాయరు, కాని డ్రిల్లు ఆయుష్షు చాలావరకు ఇక్కడే తేలుతుంది.

గేర్‌బాక్స్ ముందుండే అంకెల రింగు క్లచ్. లోపల బయటి పళ్లచక్రాన్ని స్ప్రింగు ఒత్తిడితో చిన్న గుండ్లు పట్టి ఉంచుతాయి. స్క్రూ బిగిసి ఎదురు ఒత్తిడి స్ప్రింగును మించగానే చక్రం జారి టకటకమంటుంది, స్క్రూ తల చెడకుండా ఆగుతుంది. రింగు తిప్పడమంటే ఆ స్ప్రింగును బిగించడమే. దాని మీది అంకెలు ఏ ప్రమాణానికీ కట్టుబడినవి కావు. ఒక బ్రాండులో 10 దగ్గర సరిగ్గా దిగిన స్క్రూ ఇంకో బ్రాండులో 10 దగ్గర ప్లైవుడ్‌లోకి తలతో సహా మునిగిపోవచ్చు. కొత్త డ్రిల్లు వచ్చినప్పుడు పనికిరాని చెక్కముక్క మీద అంకె చూసుకోవడం వడ్రంగులకు అలవాటు. మంచి అలవాటు.

బిట్టును పట్టే చక్ చిన్న డ్రిల్లుల్లో 10 మిల్లీమీటర్లు, పెద్దవాటిలో 13. మూడు దవడలూ పూర్తిగా తెరిచి లోపలికి చూస్తే అడుగున ఒక స్క్రూ కనిపిస్తుంది. చాలామంది దాన్ని విప్పబోయి ఇంకా బిగిస్తారు, ఎందుకంటే అది ఎడమ మర స్క్రూ. డ్రిల్లును రివర్స్‌లో తిప్పినప్పుడు చక్ తనంతట తాను ఊడి రాకుండా ఆపడానికే దాన్ని అలా పెట్టారు. దుకాణంలో ఒక నిటారైన బిట్టు బిగించి నెమ్మదిగా తిప్పి చూడండి. కొస గుండ్రంగా ఊగుతుంటే ఆ చక్ సరిగా లేదు. బిల్లు కట్టకముందే చేయాల్సిన పరీక్ష ఇది.

బ్రాండ్ల పోలికలో అందరూ చెప్పే అంకె టార్క్, అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో. ఇక్కడా రెండు లెక్కలున్నాయి. బాష్ జీఎస్ఆర్ 18వీ-55 డ్రిల్లుకు 55, 28 అని రెండు అంకెలిస్తారు. మకిటా డీహెచ్‌పీ484కు 54, 30. మొదటిది ఇనుము మీద బోల్టు బిగిసినట్టు ఒక్కసారిగా ఆగినప్పటి బలం. రెండోది చెక్కలో స్క్రూ దిగుతున్నట్టు క్రమంగా పెరిగే ఎదురుకు ఇచ్చే బలం. ఇంటి పనికి రెండోదే దగ్గర. ఒక బ్రాండు పెద్ద అంకెనూ ఇంకో బ్రాండు చిన్న అంకెనూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. అమెరికా పెట్టెల మీద ఇంచ్-పౌండ్లుంటాయి. 500 ఇంచ్-పౌండ్లంటే సుమారు 56 న్యూటన్ మీటర్లే. పెద్ద అంకెను చూసి పెద్ద బలం అనుకోవద్దు.

మన ఇళ్లకు సంబంధించిన మాట ఒకటి. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు చెక్క చట్రం మీద బిగించిన జిప్సం బోర్డులు. అక్కడి పోలికలు ఆ గోడలకే సరిపోతాయి. మన గోడలు ఇటుక, సిమెంటు. పైన స్లాబు, బీములు కాంక్రీటు. డ్రిల్లు మీద సుత్తి గుర్తుంటే గోడ పనికి సరిపోతుందని అమ్ముతారు. ఆ సుత్తిలో ఉండేది రెండు పళ్ల బిళ్లలు. అవి ఒకదాని మీద ఒకటి ఎగిరెగిరి పడుతూ కటకటలాడతాయి. మీరు ఎంత గట్టిగా నొక్కితే అంత పని. ఇటుక గోడకు అది చాలు. బీముకు చాలదు. రోటరీ హ్యామర్‌లో మోటారు పిస్టన్‌ను కదిలిస్తుంది, మధ్యలో నొక్కుకుపోయిన గాలి బరువైన ముక్కను బిట్టు మీదికి విసురుతుంది. నొక్కకపోయినా దెబ్బ పడుతుంది. దాని ఎస్‌డీఎస్ బిట్టు చక్‌లో బిగించేది కాదు, గాడిలో ముందుకూ వెనక్కూ జారేది. బీములో యాంకర్ బోల్టు దించాలంటే ఖరీదైన హ్యామర్ డ్రిల్లు కంటే మామూలు రోటరీ హ్యామరే మేలు.

మన ఎండలు బ్యాటరీకి మరో పరీక్ష. లిథియం సెల్లను చార్జ్ చేసే వేడి హద్దు సాధారణంగా 40, 45 డిగ్రీల దగ్గర ఉంటుంది. రామగుండం, రెంటచింతల వేసవుల్లో గాలే ఆ హద్దు దాటుతుంది. అప్పటిదాకా పనిచేసి వేడెక్కిన ప్యాకును చార్జరులో పెడితే దీపం మెరుస్తుందే తప్ప చార్జింగ్ మొదలవదు. చార్జరు పాడవలేదు, ప్యాకు చల్లారేదాకా ఆగుతోంది. నీడలో పెట్టి కాసేపు ఆగండి. కారు డాష్‌బోర్డు మీద వదిలేసే ప్యాకుల ఆయుష్షు తొందరగా కరిగిపోతుంది. నెలల తరబడి వాడనప్పుడు సగం చార్జ్‌తో చల్లని చోట దాచాలి.

అమెరికా నుంచి వచ్చే కొడుకులు, అల్లుళ్లతో డ్రిల్లు తెప్పించుకునేవాళ్లు రెండు విషయాలు గమనించాలి. అక్కడ అమ్మే చాలా చార్జర్ల మీద ఇన్‌పుట్ 120 వోల్టులని ఉంటుంది. అలాంటిదాన్ని మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే కాలిపోతుంది. ఇక్కడి చార్జరు విడిగా కొనాలి. రెండోది విమానం. విడి లిథియం ప్యాకులు చేతి సామానులోనే తేవాలి. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అడగక్కర్లేదు, 160 వరకు ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 18 వోల్టులను 5 ఏహెచ్‌తో గుణిస్తే 90, ఫర్వాలేదు. 6 ఏహెచ్ అయితే 108, అడగాల్సిందే.

ఈ వాట్-అవర్ల అంకే బ్రాండ్ల మధ్య న్యాయంగా పోల్చదగ్గది. పెట్టె ముందు పెద్దక్షరాల్లో ఉండదు, ప్యాకు అడుగున సన్నని అక్షరాల్లో ఉంటుంది. వోల్టులు 18 అని రాసినా 20 అని రాసినా ఎంత శక్తి నిల్వ ఉందో అదొక్కటే తేలుస్తుంది. దాని పక్కనే బరువు కూడా చూస్తే సెల్లు నిజంగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఒక్కో 18650 సెల్లు 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. పది సెల్లుంటే అవే దాదాపు అరకిలో.

బ్లాక్ అండ్ డెకర్ తొలి కార్డ్‌లెస్ డ్రిల్లు 1961లో వచ్చింది. లిథియం డ్రిల్లులు 2005 ప్రాంతంలో బజారుకెక్కాయి. ఇన్నేళ్లలో సెల్లు ఎంతో మారాయి గాని, ఒకరి ప్యాకు ఇంకొకరికి పట్టని తీరు మారలేదు. మిల్వాకీ, ర్యోబీ పనిముట్లు రెండూ టెక్‌ట్రానిక్ ఇండస్ట్రీస్ అనే ఒకే సంస్థ చేస్తుంది, అయినా వాటి ప్యాకులు కలవవు. ఐరోపాలో మెటాబో 2018లో కొన్ని కంపెనీలతో కలిసి ఉమ్మడి ప్యాకు పద్ధతి మొదలుపెట్టింది. బాష్ కూడా తన 18 వోల్టుల ప్యాకును ఇతర కంపెనీలతో పంచుకుంటోంది. ఇది మంచి అడుగు, కాని చిన్నది. 2024 చివరి నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే ఫోన్లన్నిటికీ ఒకటే చార్జింగ్ పిన్ను తప్పనిసరి అయినప్పుడు, ఐదు సెల్ల డబ్బాకు ఒకటే గాడి పెట్టమని అడగడం అత్యాశ కాదు. ప్యాకు దొరక్క పనిచేసే డ్రిల్లును పక్కన పడేయాల్సి రావడం కూలీ మీద బతికే కార్పెంటరుకు నిజమైన నష్టం. మన ప్రమాణాల సంస్థ ఈ విషయం పట్టించుకోవాలి.

అప్పటిదాకా, కొనేటప్పుడు దుకాణదారును డ్రిల్లు ధర కంటే ముందు మూడు సంగతులు అడగండి. ప్యాకు మీద వాట్-అవర్లు ఎన్ని, విడి ప్యాకు ధర ఎంత, అదే ప్యాకుతో నడిచే పనిముట్లు ఇంకా ఏవేమున్నాయి. వీటికి సూటిగా జవాబు రాని బ్రాండును, ఎంత చవకగా ఇచ్చినా, కొనకండి.